రాణి ఒళ్లు

మొన్న మా వీధిలో ఒక పెద్దావిడ పోతే చూడటానికి వెళ్లాను. దండం పెట్టుకుని పక్కకు తప్పుకోవాల్సింది పోయి, ఆమె మీద కప్పిన పట్టుచీర అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూశాను. కావాలని చేసింది కాదు, నా వేళ్లకు ఆ అలవాటుంది. పక్కన కూర్చున్న కోడలు ఏడుపు ఆపి నా చేతి వైపు చూసింది. అది నకిలీ జరీ అని నాకు తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని బయటికొచ్చాను.

గుమ్మం దాటాక నవ్వొచ్చింది. చావింటి ముందు నవ్వొచ్చిందంటే దానికి బాధ్యత ఒకే ఒక మనిషిది. ఆమె గానీ పక్కన ఉంటే నా చెవిలో నోరు పెట్టి, "సచ్చినోళ్లు లేసి తడిమి సూడరని వీళ్లకు ధైర్యం మే" అని ఊదేది. మాట్లాడేది అనకుండా ఊదేది అంటున్నాను. ఆమెకు గొంతు లేదు. గాలి మాత్రమే ఉండేది.

హిందూపురంలో ఆమెను అందరూ డ్రస్సులక్క అనేవారు. పేరు నాకు తెలుసు. అది ఆమెకు ఇష్టమైన పేరు కాదు కాబట్టి ఇక్కడ రాయను. స్టేషన్‌కు పోయే దారిలో, నా ఎస్టీడీ బూత్ పక్క గది ఆమెది. పోలియో కాలు ఉంది కాబట్టి నాకు ఆ బూత్ ఇచ్చారు. ఆమె గది మీద "ఇచ్చట నాటకములకు డ్రస్సులు అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి రాణి వేషాలు వేసింది. తర్వాత గొంతులో ఏదో లేచి ఆపరేషన్ అయింది. ప్రాణం ఉంచి పాట తీసుకుపోయారు. పాట పోయాక స్టేజీ వదలలేక స్టేజీ బట్టలు పట్టుకుంది.

మడకశిర వైపు నుంచీ కదిరి వైపు నుంచీ నాటకాలవాళ్లు నా బూత్‌కే ఫోన్ చేసేవారు. ఆమె వచ్చి, తమలపాకు వాసనతో నా చెవి దగ్గరికి వంగి ఊదితే, నేను ఫోన్‌లో అరిచి చెప్పేదాన్ని. అట్లా నేను ఆమెకు గొంతునయ్యాను. మొదటిరోజు ఆమె ఊదిన మాట నాకు అర్థం కాలేదు.

"రాజు ఒళ్లు రెండుండాయి, రాణి ఒళ్లు ఒకటుండాది అని చెప్పు."

"ఒళ్లేంది అక్కా? డ్రస్సులని చెప్పరాదా?"

"డ్రస్సు నువ్వేసుకునేది. స్టేజీ ఎక్కేది డ్రస్సు కాదు మే. వాని ఒళ్లు ఇంట్లో ఇడిసిపెట్టొచ్చి ఈ ఒళ్లు తొడుక్కుంటాడు. చెప్పు, ఆయప్ప లైన్లో ఉండాడు."

నేను డ్రస్సులు అనే చెప్పాను. ఆమె నా నెత్తిన మొట్టికాయ వేసింది. తర్వాతి కాలంలో నేనూ ఒళ్లు అనే అనడం మొదలుపెట్టాను. అవతలివాళ్లు తికమకపడితే నాకు సరదాగా ఉండేది.

బూత్‌లో రోజంతా కూర్చునే మనిషిని కదా, ఆమెకు నేను కొయ్యబొమ్మలాగా పనికొచ్చాను. కుట్టింది కుట్టినట్టు తెచ్చి నా భుజాల మీద పడేసేది. రోడ్డు దాటి అవతల సైకిల్ షాపు దగ్గర నిలబడి, ఒక కన్ను మూసి, తల వంకరగా పెట్టి నన్ను చూసేది. ఫోన్ చేసుకోవడానికి వచ్చినవాళ్లకు ఒక మహారాణి బిల్లు చేతికిచ్చేది. కొందరు నవ్వేవాళ్లు, ఒకాయన మాత్రం దండం పెట్టిపోయాడు. ఆమె రోడ్డు దాటి తిరిగొచ్చి, ఏమీ చెప్పకుండా కుట్టంతా విప్పేసేది. బాగుంటే కూడా ఏమీ చెప్పేది కాదు. విప్పకపోతే బాగున్నట్టు.

ఒకరోజు ఫోన్ గది అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ఎర్ర మఖమల్ మీద జరీ అంచు, భుజాల నుంచి నేల దాకా జారిన పట్టు. నా కాలు లేదు, కాలికున్న ఇనుము లేదు. కూర్చున్న మనిషి తల ఎత్తి ఉంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను నేను అంతసేపు చూసుకోవడం అదే మొదలు. ఆమె నా వెనకొచ్చి నిలబడింది.

"సింహాసనం మీద కూచున్నోళ్ల కాళ్లు ఎవురన్నా సూస్తారా మే?"

జాలి ఉందేమోనని వెతికాను. లేదు. ఆమె నడుము దగ్గర మడత సరిచేస్తోంది. ఆ రోజు నుంచి ఫోన్‌కు ఫోన్‌కు మధ్య నేను అంచులు కుట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు నాటకాలకు దుస్తులు కుట్టడం నా బతుకు, నా పిచ్చి. అది ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆ అద్దం గుర్తొస్తుంది.

ఆమె నమ్మకమంతా దూరం మీద ఉండేది. చివరి వరసలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషికి రాణి కనపడాలి. ముందు వరసలో కుర్చీల్లోవాళ్లు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత. "నకిలీ జరీ దగ్గరుంటే తళతళ అంటాది, దూరం పోతే సచ్చిపోతాది. అసలు జరీ దూరం పోయేకొద్దీ బతుకుతాది" అనేది. అసలు జరీ పట్టు ధర్మవరం నుంచి వచ్చేది. అది కొనే తాహతు అద్దె డ్రస్సులామెకు ఎక్కడిది? మరి ఆమె దగ్గర ఆ అంచులన్నీ ఎక్కడివని నేను చాలాకాలం అడగలేదు. పాత చీరలు అనుకున్నాను. పాతవి కూడా కావు, ఒక్కసారి కూడా మడత నలగనివి.

పెనుకొండ నుంచి ప్యాసింజర్‌లో ఒకాయన మూటతో దిగేవాడు. మూట ఆమె గదిలో పెట్టి, తన పిల్లలకని ఆమె కుట్టి ఉంచిన నిక్కర్లూ లంగాలూ తీసుకుని, నా బూత్ మెట్టు మీద బీడీ తాగి వెళ్లిపోయేవాడు. ఆయన పెనుకొండ బొందలగడ్డ కాపరి అని, శవాన్ని మట్టి చేసేటప్పుడు ఒంటి మీద ఒక గుడ్డ ఉంచి పైన బంధువులు కప్పినవన్నీ ఆయన తీసుకుంటాడని, ఆ మూటలో ఉన్నవి అవేనని ఒకరోజు బీడీ తాగుతూ ఆయనే చెప్పాడు. నేను కుడుతున్న అంచు పక్కన పెట్టేశాను. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు.

ఆమె కుంకుడు రసంలో ఉతికి, గదిలోపలే ఆరేసి, కర్పూరం పెట్టి మడిచేది. నా ముఖం చూసి దాచలేదు, బతిమాలనూ లేదు.

"ఆయప్ప దగ్గరుంటే చించి బొంతలు కుడతారు. బొంత కింద ఎవురు సూస్తారు ఈ జరీని? నా కాడికొస్తే ఊరంతా సూస్తాది."

తర్వాత ఒక చీర తీసి అంచు నలిపి చూపించింది. గోరుతో గీకితే రంగు లేచొచ్చింది. "ఇది కోడలు కప్పింది" అంది. ఇంకోటి తీసింది, గీకినా ఏమీ కాలేదు. "ఇది కూతురు." నిజంగా తెలిసి చెప్పేదో, ఊహించి చెప్పేదో తెలియదు. కానీ ఏ చావు మీద ఎంత ప్రేమ కప్పారో ఆమెకు వేళ్లతో తెలిసేది. నాకూ తెలియడం మొదలైంది. అది మంచి విద్య కాదు. ఒకసారి వచ్చాక పోదు.

మా వైపు ఆడమనిషి చచ్చిపోతే పుట్టింటివాళ్లు కోక తేవాలి. ఆ కోక కప్పందే శవాన్ని లేపరు. మూటలో అన్నిటికంటే పైన ఉండేది సాధారణంగా అదే. ఆమె వాటిని మిగతావాటితో కలపకుండా వేరే పెట్టెలో పెట్టేది. ఆమె పుట్టిల్లు ముదిగుబ్బ దగ్గర పల్లె. పదహారేళ్లకు నాటకాలవాళ్ల వెంట పోతే నాయనా అన్నా తలకు నీళ్లు పోసుకుని, మా ఇంటి పిల్ల సచ్చిపోయింది అనుకున్నారట.

"సచ్చిపోయిందని నీళ్లు పోసుకున్నారు సరే. సచ్చినదానికి పుట్టింటి కోక పెట్టల్ల గదా, అది మాత్రం పెట్టల్యా నా కొడుకులు" అని ఊది, నవ్వేది. నవ్వితే ఆమె గొంతులోంచి సైకిల్ ట్యూబులో గాలి దిగుతున్న చప్పుడు వచ్చేది. నాకు ఆ నవ్వు భయం.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఉండేవాడు. సొంత మగ్గాలున్నాయి, పద్యం గొప్పగా పాడతాడు, ఏటా వాళ్ల వీధి ఉత్సవానికి నాటకంలో రాజు వేషం ఆయనదే. ఆమె కుట్టిన ఒళ్లే తొడుక్కునేవాడు. ఆ ఏడు ఫోన్ చేసి, రాణికి ఇంతవరకు ఎవరూ చూడనిది కావాలన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. పెట్టె తెరిచి చిలకల అంచు చీర ఒకటి తీసింది. అంచు పొడుగునా చిలకలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒక్కటి మాత్రం వెనక్కి తిరిగి ఉంది. నేతలో తప్పు.

నేను ఆ తప్పును కుచ్చిళ్లలో దాచేద్దామన్నాను. ఆమె దాన్ని తెచ్చి సరిగ్గా ఎడమ భుజం మీద, అందరి కళ్లూ పడేచోట పెట్టింది.

"దూరం నుంచి ఇది తప్పు మాదిరి ఉండదు మే. పోయే చిలక తిరిగి సూసినట్టుంటాది."

ఆమె చేసిన పొరపాటు అదొక్కటే. అందరూ చూడాలనుకుంది, ఎవరు చూస్తారో అనుకోలేదు.

ఉత్సవం ముందురోజు మధ్యాహ్నం ధర్మవరం సత్రంలో డ్రస్సులు తొడిగి చూస్తున్నారు. ఆమె గొంతుగా నేనూ వెళ్లాను. రాణి వేషం వేసే ఆమె గదిలోంచి బయటికొచ్చింది. హాలంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. వ్యాపారికి ఒకవైపు మీసం అతికించారు, రెండోది ఇంకా మేకప్ ఆయన చేతిలోనే ఉంది. ఆయన లేచి నెమ్మదిగా వచ్చి, రాణి భుజం మీద తిరిగి చూస్తున్న చిలకను వేలితో ముట్టుకున్నాడు.

"ఇది నా మగ్గం మీద తిరిగిన చిలక. పెనుకొండలో మా చెల్లెలు పోతే నేను పెట్టిన కోక" అన్నాడు. తర్వాత మా వైపు చూసి, "ఈ కోక యాడిదక్కా?" అన్నాడు.

ఆమె నా చెవి దగ్గరికి వంగింది. ఆమె ఊపిరి వేడిగా తగిలింది. "నిజం చెప్పు" అని ఊదింది.

"మీ చెల్లెలి మీద కప్పిందే, బొందలగడ్డ కాపరి తెచ్చిచ్చినాడు" అని చెప్పాను. నా గొంతు పెద్దది. ఫోన్‌లో అరిచి అరిచి పెద్దదైంది. హాలంతా వినపడింది.

రాణి వేషం ఆమె ఆ క్షణమే పిన్నులు పీకేసుకుంటూ గదిలోకి పరుగెత్తింది. ఎవరో "శవం మీద గుడ్డలా ఇన్నేండ్లు మేం ఏసుకునింది" అన్నారు. వ్యాపారి మాత్రం అరవలేదు. అంతలో గుంపులోంచి ఒక ముసలాయన, మామూలుగా, అడగాలని కూడా కాకుండా అడిగాడు.

"అంటే, తప్పు పడిన కోక పెట్టినావా అబ్బయ్యా చెల్లెలికి?"

వ్యాపారి ముఖం నల్లబడింది. "కాల్చేయండి దాన్ని" అన్నాడు.

సత్రం వెనక పెరట్లో కిరోసిన్ పోసి కాల్చారు. అందరూ ముక్కు మూసుకుని చుట్టూ నిలబడ్డారు. మంట ఆరాక ఆమె గొంతుకు కూర్చుని పుల్లతో బూడిద కెలికింది. పట్టు కాలిపోయింది, జరీ తీగలు నల్లగా ముద్దకట్టి మిగిలాయి. కొంగుతో తుడిస్తే వెండి కనపడింది. ఆమె లేచి నా చెవిలో ఊదింది. నేను వ్యాపారి ముఖం వైపు చూడలేక, గోడ వైపు చూసి గట్టిగా చెప్పాను.

"నేతలో తప్పుందే గానీ అసలు జరీ. ఆయప్ప చెల్లెలికి అసలు జరీనే కప్పినాడు. అందరూ చూడండి అంటాంది."

వ్యాపారి ఆ వెండిముద్ద వైపు చూశాడు. సగం మీసంతో అట్లాగే ఏడ్చాడు. అంత పెద్దమనిషి అందరి ముందూ ఏడవడం చూసి నాకూ ఏడుపొచ్చింది. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. ఎవరూ స్టేషన్ దాకా సాగనంపనూ లేదు. పెట్టెను మేమే మోసుకుని ప్యాసింజర్ ఎక్కాం.

తర్వాత ఫోన్లు రాలేదు. వచ్చిన ఒకటో రెండో కూడా "ఆ శవాల గుడ్డలామె కాదు గదా?" అని అడగడానికే. అప్పటికే టీవీలొచ్చి నాటకాలు తగ్గుతున్నాయి. ఆ మాట తోడై బేరం మొత్తానికే తెగింది. ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు, కడిగించి పసుపునీళ్లు చల్లించాడు. హిందూపురంలో ఇంకెవరూ గది ఇవ్వలేదు. చివరికి పెనుకొండలో బొందలగడ్డ కాపరి తన ఇంటి పక్కన ఒక రేకుల గది చూపించాడు. అన్ని నాటకాలకు రాజుల్ని, రాణుల్ని తయారుచేసిన మనిషిని ఆదుకోవడానికి ఆయనొక్కడే మిగిలాడు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ రేకుల గదిలో కూర్చుని ఆమె ఎవరూ అడగని రాణి ఒళ్లు ఒకటి కుట్టింది. పెట్టెలో దాచుకున్న పుట్టింటి కోకల అంచులన్నీ విప్పి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, ఏళ్ల తరబడి కుట్టింది. బస్సెక్కి వెళ్లినప్పుడల్లా మంచం మీద కూర్చోబెట్టి నాకు కప్పేది, సందు చివరికి పోయి ఒక కన్ను మూసి చూసేది. వచ్చి విప్పేది.

గొంతులోది మళ్లీ లేచింది. చివరిసారి వెళ్లినప్పుడు ఆమె సందు చివరిదాకా నడవలేకపోయింది. ఆ ఒళ్లు తనే కప్పుకుని మంచం మీద కూర్చుని, నన్ను వేలితో పొమ్మంది. నేను కాలి ఇనుము ఈడ్చుకుంటూ సందు చివరికి పోయి, ఒక కన్ను మూసి చూశాను. ముఖం పీక్కుపోయి ఉంది, చేతులు పుల్లలు. అంచులు మాత్రం వెలుగుతున్నాయి. తిరిగొచ్చేసరికి నోరు తెరిచి ఎదురుచూస్తోంది.

"బతికిందా?"

"బతికింది అక్కా."

"ఐతే స్టేజీ ఎక్కల్ల అది. ఎవురన్నా సూడల్ల."

ఇప్పటికాలంలో ఎవరు ఎక్కిస్తారని అడగబోయి ఆగాను. విప్పలేదు కాబట్టి బాగున్నట్టు.

తర్వాత కొన్ని నెలలకు ఒక పొద్దున కాపరి ఫోన్ చేసి, "పెద్దమ్మ పోయింది మ్మా" అన్నాడు. నేను వెళ్లేసరికి ముదిగుబ్బ నుంచి ఆమె అన్న వచ్చి ఉన్నాడు. ముసలాయన, చేతికర్ర, ప్లాస్టిక్ కవర్లో చీర. కబురంపింది కాపరే. ఆమె పుట్టింటి కోక కోసం నవ్విన నవ్వు నాకు గుర్తొచ్చి, వచ్చినందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. ఆయన చీర విప్పి చెల్లెలి మీద కప్పాడు. ఎర్రగా తళతళ మెరిసింది. నేను దగ్గరికెళ్లి అంచు నలిపి చూశాను.

వేలికి రంగు అంటింది.

"పుట్టింటి కోక పెట్టినాం. ఇంగ లేపండప్పా" అన్నాడాయన.

ఆయనకు తెలుసో తెలియదో, తెలిసినా అంతకంటే తేగలడో లేదో నాకు తెలియదు. లోపలికెళ్లి, మేకుకు తగిలించి ఉన్న రాణి ఒళ్లు తెచ్చి పైన కప్పాను. ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"అవి శవాల గుడ్డలంట గదమ్మా."

"ఇప్పుడు ఎవురి మీద కప్పుతాండా?" అన్నాను. ఆమె చెయ్యి వదిలేసింది.

పలకలు కొట్టుకుంటూ లేపుకుపోయారు. ఆడవాళ్లు వీధి చివరిదాకా వెళ్లారు, నేను ఇనుపకాలితో అంత దూరం కూడా పోలేక గుమ్మంలో నిలబడ్డాను. ఒక కన్ను మూశాను. అన్న తెచ్చిన కోక రాణి ఒళ్లు కింద నుంచి ఒక పక్క వేలాడుతోంది. రెండు కరెంటు స్తంభాలు దాటేసరికి దాని మెరుపు పోయి మట్టి రంగయింది. అంచులు మాత్రం మలుపు తిరిగేదాకా కనపడుతూనే ఉన్నాయి.

అప్పటికి అందరి చేతుల్లో సెల్‌ఫోన్లొచ్చాయి, నా బూత్‌లో అద్దం తప్ప ఏమీ మిగల్లేదు. పది పదిహేను రోజుల తర్వాత, ఆ అద్దం తుడుస్తుంటే, ప్యాసింజర్ దిగి కాపరి వచ్చాడు. పక్క గదికి తాళం ఉంది. ఆయన కాసేపు ఆ తాళం ముందు నిలబడి, తర్వాత నా మెట్టు మీద కూర్చుని మూట విప్పాడు. రెండే ఉన్నాయి. ఎర్రకోక, దాని మీద ఆమె ఏళ్ల తరబడి కుట్టింది.

"పెద్దమ్మ లేదు గదా. ఇంగ ఎవురికి ఇయ్యల్లో తెలీక ఈడికే తెచ్చినా మ్మా."

నేను తుడిచే గుడ్డ పక్కన పెట్టి, చేతులు చాపాను.

"కోక నువ్వు తీసకపో" అన్నాను. "ఒళ్లు ఈడ పెట్టు."